స్థానిక దినుసులతో ఆధునిక బ్రెజిల్ వంట: కర్రపెండలం నుంచి జీడిపండు దాకా సమగ్ర మార్గదర్శి

అనాస అన్న మాట తెలుగులోకి పోర్చుగీసువారి ద్వారా వచ్చింది. వారు దానిని బ్రెజిల్ తీరంలో టుపీ భాషలు మాట్లాడే ప్రజల నోట విని నేర్చుకున్నారు. కాజు బర్ఫీలోని కాజు కూడా టుపీ మాట అయిన అకజూ నుంచే పుట్టింది. సగ్గుబియ్యం పొట్లం మీద కనబడే టాపియోకా అన్న పేరుకూ మూలం ఆ భాషే. ఈ విధంగా బ్రెజిల్ ఆదివాసుల దినుసులు మూడు, వాటి పేర్లతో సహా, ఎప్పుడో మన ఇళ్ళలోకి వచ్చి స్థిరపడ్డాయి. అయితే ఒక విషపు దుంపను పిండిగా, రవ్వగా, పులుసు రసంగా మార్చుకున్న వారి పనితనం మాత్రం ఆ ఓడల్లో రాలేదు. ఆధునిక బ్రెజిల్ వంటను నేర్చుకోవాలనుకునేవారు ముందుగా ఆ పనితనాన్నే నేర్చుకోవాలని నా అభిప్రాయం.

సావో పాలో నగరంలోని ఖరీదైన భోజనశాలలు చాలాకాలం ఫ్రెంచి, ఇటలీ వంటలనే ఆదర్శంగా పెట్టుకున్నాయి. అమెజాన్ ముఖద్వారానికి సమీపంలోని బెలెం నగరంలో పావులో మార్తీన్స్ అనే వంటగాడు తన ప్రాంతపు దినుసులను దేశమంతటికీ పరిచయం చేయడానికి పూనుకున్నాడు. సావో పాలోలో ఆలెక్స్ అటాలా 1999లో డీ.ఓ.ఎం. అనే భోజనశాలను ప్రారంభించి అమెజాన్ వేళ్ళకూ, చేపలకూ, చీమలకు సైతం గౌరవస్థానం కల్పించాడు. అదే నగరపు ఉత్తర శివారులో 1973 నుంచి నడుస్తున్న మొకొతో అనే కుటుంబ భోజనశాలలో రొద్రీగో ఒలివేయ్‌రా ఈశాన్య బ్రెజిల్ మెట్టప్రాంతపు తిండిని కొత్తగా తీర్చిదిద్దాడు. వీరు చేసిన పనిని పైపైన చూస్తే అరుదైన పండ్లను అందంగా పళ్ళెంలో అమర్చినట్లు కనబడవచ్చు గానీ, నిజానికి వీరి వంట నిలబడింది దుంపను తురిమి, పిండి, వేయించే పాత పద్ధతుల మీదనే.

ఈ మార్గదర్శిలో ఒక పూట భోజనాన్ని రెండు రోజుల పనిగా విభజించి వివరిస్తున్నాను. మొదటి రోజు కర్రపెండలం రవ్వ, పిండి, జాఫ్రా నూనెల పని మొదలుపెడతాము; రెండవ రోజు రవ్వను వేయించి ముగించి, బెయ్‌జూ అనే అట్టు, దాదీన్యో అనే వేపుడు ముక్కలు, మొకేకా అనే చేపల పులుసు, దానితో పిరావ్ అనే జావ, చివరకు జీడిపండు మిఠాయి చేస్తాము. దినుసులన్నీ తెలుగునాట దొరికేవే. కర్రపెండలం తూర్పు గోదావరి మెట్టలో పండుతుంది, సామర్లకోట, పెద్దాపురం ప్రాంతపు మిల్లులు దానితోనే సగ్గుబియ్యం తయారుచేస్తాయి. జీడితోటలకు పలాస ప్రాంతం పేరుపొందినది. ఎర్రరంగుకు వాడే జాఫ్రా గింజలు మన్యంలో పండుతాయి.

దుంపను ఎంచుకోవడం

కర్రపెండలంలో చేదు రకాలు, తీపి రకాలు అని రెండు తెగలు ఉన్నాయి. దుంపలో లినమరిన్ అనే పదార్థం ఉంటుంది. దుంపను కోసినప్పుడు గాని, తురిమినప్పుడు గాని కణాలు చిట్లి, అందులోనే ఉన్న ఒక ఎంజైము దానితో కలిసి, చివరకు హైడ్రోజన్ సయనైడ్ అనే విషవాయువు వెలువడుతుంది. తీపి రకాలలో ఇది తక్కువ, అదీ ఎక్కువగా తొక్కలో ఉంటుంది. చేదు రకాలలో దుంప అంతటా ప్రమాదకరమైన మోతాదులో ఉంటుంది. కాబట్టి ఇంటి వంటకు కూరగాయల దుకాణంలో ఉడికించి తినడానికని అమ్మే తీపి దుంపనే కొనాలి. మిల్లుకు పోయే దుంపా, వండుకునే దుంపా ఒకటేనని భావించరాదు. ఉడికించిన ముక్క నాలుకకు చేదుగా తగిలితే మొత్తం పారవేయాలి. పచ్చి దుంపను ఏ రకమైనా తినరాదు.

తవ్విన రెండు మూడు రోజులలోనే దుంప లోపల నల్లని, నీలి చారలు మొదలవుతాయి. అందువల్ల కొనేటప్పుడు ఒకదానిని విరిపించి చూడండి: లోపల తెల్లగా, తడిగా ఉండి, పుటుక్కున విరగాలి. గోధుమరంగు పైపొరతో పాటు దాని కింద ఉండే మందమైన గులాబీ లేదా తెల్లని తోలును కూడా పూర్తిగా తీసివేయాలి. కొందరు ఆ రెండవ తోలును వదిలివేస్తారు, అది పొరపాటు.

చేదు దుంపను ఆదివాసులు ఎలా వండుతారో ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే ఈ వంట అంతటికీ అదే ఆధారం. వారు దుంపను తురిమి, టిపిటీ అనే పొడవైన అల్లిక గొట్టంలో కూరుతారు. గొట్టాన్ని వేలాడదీసి కింది కొసను లాగినప్పుడు అల్లిక సన్నబడి గుజ్జును బిగిస్తుంది, పసుపు రసం కిందికి కారుతుంది. రసం అడుగున తేరుకున్న తెల్లని పిండిని గోమా అంటారు. పైన మిగిలిన రసాన్ని పులియబెట్టి, ఆ తరువాత చాలాసేపు మరిగిస్తారు. హైడ్రోజన్ సయనైడ్ సుమారు 26 డిగ్రీల సెల్సియస్ దగ్గరే ఆవిరయ్యే పదార్థం కనుక దీర్ఘంగా మరిగే కొద్దీ వెళ్ళిపోతుంది. అలా తయారైన పుల్లని రసమే టుకుపీ. బెలెంలో దీనితో బాతు మాంసం వండుతారు. అక్టోబరు రెండవ ఆదివారం జరిగే సీరియో ది నజరే ఉత్సవానికి అది తప్పనిసరి వంటకం. సాయంత్రం వీధి బండ్ల దగ్గర వేడి టుకుపీలో గోమా గంజి, ఎండు రొయ్యలు, నాలుకను తిమ్మిరెక్కించే జంబూ ఆకు వేసి సొరబుర్ర చిప్పలాంటి గిన్నెలో తకాకా పేరుతో ఇస్తారు.

టుకుపీని ఇంట్లో తయారుచేయడానికి ప్రయత్నించవద్దు. చేదు దుంపతో పని తరతరాల అనుభవం ఉన్నవారు చేయవలసినది. అమెరికాలో, ఐరోపాలో ఉన్న తెలుగువారికి బ్రెజిల్ సరుకుల దుకాణంలో సీసా దొరికితే దానిని కొని, వాడే ముందు మరొకసారి బాగా మరిగించుకోవచ్చు. దొరకనివారు చింతపండు పులుసుతో సరిపెట్టుకోవాలని చూడకండి. ఆ పులుపు వేరు, ఈ పులుపు వేరు. ఆ వంటకాన్ని మానుకోవడమే మేలు.

మొదటి రోజు: రవ్వ, పిండి, ఎర్ర నూనె

రెండు కిలోల తీపి దుంపను తోలు తీసి, కడిగి, సన్నగా తురమండి. మిక్సీలో వేస్తే మెత్తని ముద్ద అయి రవ్వకు పనికిరాకుండా పోతుంది కనుక చేతి తురుముపీట గాని, ఫుడ్ ప్రాసెసర్ తురుము బిళ్ళ గాని వాడాలి. తురుమును గట్టి నూలు గుడ్డలో మూటగట్టి, పళ్ళెం మీద పెట్టిన చిల్లుల గిన్నెలో ఉంచి, మీద రుబ్బురోలు పొత్రం వంటి బరువును పెట్టి, రాత్రంతా కారనివ్వాలి. మూటను బరువు పెట్టకముందు ఒకసారి చేతితో బలంగా పిండి, ఆ రసాన్ని వేరే గిన్నెలోకి తీసుకోండి. మూడు నాలుగు గంటలలో దాని అడుగున తెల్లని పిండి గట్టిగా పేరుకుంటుంది. పైనీటిని పారబోసి, మంచినీరు పోసి కలిపి, మళ్ళీ తేరనిచ్చి వంపాలి. ఇలా రెండుసార్లు చేసిన తరువాత పిండిని గుడ్డ మీద ఆరబెట్టాలి. ఆ నీటిని దేనికీ వాడరాదు. ఇంటి పద్ధతిలో వచ్చే పిండి తక్కువే కనుక, బెయ్‌జూలకు చాలకపోతే దుకాణంలో దొరికే కర్రపెండలం పిండిని జోడించుకోవచ్చు.

మరునాడు మూటలోని ముద్ద చేతిలో పొడిపొడిగా విరగాలి. తడి అంటుతూ ఉంటే ఇంకొంతసేపు బరువు కింద ఉంచండి. ఇక్కడ తొందరపడితే వేయించేటప్పుడు ఉండలు కడుతుంది, ఆ ఉండలను తరువాత ఏ విధంగానూ సరిచేయలేరు. ముద్దను పెద్ద కన్నుల జల్లెడ మీద రుద్ది రాల్చి, వెడల్పైన మందపాటి మూకుడులో, సన్నని మంట మీద, చెక్క గరిటెతో ఆపకుండా తిప్పుతూ ముప్పై నలభై నిమిషాలు వేయించాలి. మొదట ఆవిరి బాగా వస్తుంది కనుక కిటికీలు తెరిచి ఉంచుకోండి. ఆవిరి తగ్గి, గింజ గింజ విడిపడి, గరిటె తగిలినప్పుడు ఇసుకలాగా గలగలమన్నప్పుడు రవ్వ సిద్ధమైనట్లు. రంగు మారవలసిన అవసరం లేదు. దీనినే ఫరీన్యా అంటారు. బ్రెజిల్‌లో అనేక ప్రాంతాలలో అన్నం, పప్పు, కూర, చేప దేని మీదనైనా ఇది చల్లుకోకుండా భోజనం సాగదు. అమెజాన్ ప్రాంతంలో దుంపను కొన్ని రోజులు నీళ్ళలో నానబెట్టి పులియనిచ్చి చేసే పసుపు రంగు ఫరీన్యా కరకరలాడుతూ, కొద్దిగా పుల్లగా ఉంటుంది. పారా రాష్ట్రంలో ఆసాయీ పండ్ల గుజ్జును ఆ ఫరీన్యాతోనూ, వేయించిన చేపతోనూ తియ్యదనం లేకుండా భోజనంగా తింటారు. తీపి వేసి చల్లగా తినే ఆసాయీ గిన్నె తరువాత నగరాలలో పుట్టిన అలవాటు.

జాఫ్రా నూనెకు ఎక్కువ పని లేదు. 200 మిల్లీలీటర్ల వాసన లేని నూనెలో 50 గ్రాముల గింజలు వేసి, చిన్న మంట మీద నూనె ఎర్రబడి, గింజల చుట్టూ చిన్న బుడగలు మొదలయ్యేవరకు మాత్రమే వేడిచేసి, దించి, అరగంట తరువాత వడగట్టాలి. గింజలు నల్లబడితే నూనె చేదెక్కుతుంది. బ్రెజిల్‌లో ఉరుకూం అని పిలిచే ఈ గింజలతోనే ఆదివాసులు ఒంటికి ఎర్రరంగు పూసుకుంటారు.

బెయ్‌జూ

250 గ్రాముల ఆరిన కర్రపెండలం పిండికి, చిటికెడు ఉప్పు కలిపిన 100 నుంచి 120 మిల్లీలీటర్ల నీటిని కొద్దికొద్దిగా చల్లుతూ వేళ్ళతో రుద్దండి. పిడికిలితో నొక్కితే ముద్ద కట్టాలి, వేలితో తాకితే పొడిగా రాలాలి. మన వాసినపోలికి పిండి కలిపిన చేతులకు ఈ పదును వెంటనే తెలుస్తుంది. అరగంట మూతపెట్టి ఉంచి, జల్లెడ పట్టాలి. నూనె రాయని పెనాన్ని మధ్యస్థంగా వేడిచేసి, పిండిని రెండు మూడు మిల్లీమీటర్ల మందాన సమంగా పరచి, గరిటె వెనుకవైపుతో మెల్లగా అదమండి. తడిసిన పిండి వేడికి ఉడికి, గింజలు ఒకదానినొకటి పట్టుకుని, నిమిషంలో తెల్లని అట్టుగా మారుతుంది. అంచు పెనాన్ని వదలగానే తిరగవేసి మరొక అరనిమిషం ఉంచితే చాలు. గోధుమలు గాని, గుడ్డు గాని, పులియబెట్టడం గాని లేకుండా కేవలం తడి, వేడి కలిసి ఇంత చక్కని అట్టును నిలబెట్టడం నాకు ప్రతిసారీ ఆశ్చర్యం కలిగిస్తుంది. వేడిగానే నెయ్యి రాసి మడవాలి. ఇందులో మనదైనదేదో చొప్పిస్తున్నామని సంకోచించనక్కరలేదు. ఈశాన్య బ్రెజిల్‌లో వెన్న కాచి సీసాలో నిలువచేసుకునే మాంతేగా ది గహ్రాఫా మన నేతికి చాలా దగ్గరి బంధువు.

దాదీన్యో

రొద్రీగో ఒలివేయ్‌రా పేరుతో దేశమంతటా వ్యాపించిన ఈ వేపుడు ముక్కలు ఆధునిక బ్రెజిల్ వంట స్వభావానికి మంచి ఉదాహరణ: పాత దినుసులు రెండే, రూపం కొత్తది. అక్కడ గరుకు టాపియోకా రవ్వనూ, కేజు కువాల్యు అనే ఉప్పని, వేడికి కరగని జున్నునూ వాడతారు. మనం చిన్న సగ్గుబియ్యాన్ని మిక్సీలో బొంబాయి రవ్వంత గరుకుగా పొడిచేసుకోవాలి. జున్నుకు బదులు గట్టి పనీరును తురిమి, ఉప్పు కలిపి గంటసేపు ఉంచితే రుచి దగ్గరకు వస్తుంది. విదేశాలలో ఉన్నవారికి హలూమీ అనే జున్ను ఇంకా బాగా నప్పుతుంది.

250 గ్రాముల రవ్వ, 250 గ్రాముల తురుము, అర చెంచా మిరియాల పొడి కలిపి, అందులో అర లీటరు మరిగే పాలను ఒక్కసారిగా పోసి, చిక్కబడేవరకు ఐదారు నిమిషాలు కలుపుతూనే ఉండాలి. కలపడం ఆపితే రవ్వ అడుగుకు చేరి పైభాగం పలుచగా మిగులుతుంది. ముద్దను రెండు సెంటీమీటర్ల ఎత్తున పళ్ళెంలో పరచి, గాలి తగలకుండా కప్పి, కనీసం మూడు గంటలు ఫ్రిజ్‌లో ఉంచండి. తరువాత ఘనాకారపు ముక్కలుగా కోసి, సుమారు 170 డిగ్రీల వేడి నూనెలో, ఒక వాయికి కొన్నే వేస్తూ బంగారు రంగు వచ్చేవరకు వేయించాలి. ముక్కలు మెత్తబడి ఉన్నప్పుడు వేస్తే పగులుతాయి, కాబట్టి వాయి వాయికీ ఫ్రిజ్‌లోంచే తీయాలి. తీపికారం పచ్చడి ఏదైనా పక్కన ఉండాలి.

మొకేకా, పిరావ్

మొకేకా రెండు దారులలో వండుతారు. బాయియా రాష్ట్రపు మొకేకాలో తాటిజాతి డెండే నూనె, కొబ్బరిపాలు ఉంటాయి. నూనె చెట్టును ఆఫ్రికా నుంచి తెచ్చారు, ఆ వంటను ఆ స్థాయికి తెచ్చినది బానిసలుగా తరలించబడిన ఆఫ్రికావారి చేతులు. కొబ్బరి కూడా బయటి నుంచి వచ్చినదే. ఎస్పిరితో సాంతో రాష్ట్రంలో ఈ రెండూ లేకుండా ఉరుకూం నూనెతో వండుతారు. మన ఉద్దేశం స్థానిక దినుసులు కనుక రెండవ దారినే తీసుకుందాము. ఉల్లి, కొత్తిమీర, నిమ్మ కూడా బయటివే కదా అన్న ప్రశ్న న్యాయమైనదే. పళ్ళెంలో ప్రతి ఆకూ స్థానికమై ఉండాలన్నది ఈ వంట నియమం కాదు, రుచికి వెన్నెముకగా నిలిచేది స్థానికమై ఉండాలన్నదే నియమం.

అక్కడ దీనిని నల్లని మట్టికుండలో వండుతారు. విటోరియా నగరంలోని గొయబేయ్‌రాస్ స్త్రీలు చక్రం లేకుండా చేతులతో కుండను మలచి, బహిరంగ మంటలో కాల్చి, వేడిగా ఉండగానే మడచెట్టు బెరడు నీటితో కొట్టి నలుపు తెప్పిస్తారు. 2002లో బ్రెజిల్ ప్రభుత్వం భౌతికేతర వారసత్వంగా నమోదు చేసిన మొట్టమొదటి విద్య ఇదే. మన చేపల పులుసు దాక దీనికి బాగా సరిపోతుంది.

ఒక కిలో పండుగప్ప లేదా వంజరం ముక్కలను మూడు సెంటీమీటర్ల మందాన కోయించి, ఉప్పు, రెండు నిమ్మకాయల రసం పట్టించి ఇరవై నిమిషాలు ఉంచండి. దాకలో మూడు చెంచాల జాఫ్రా నూనె పోసి, నాలుగు వెల్లుల్లి రెబ్బలు నలిపివేసి, ఒక ఉల్లిపాయ తరుగు మెత్తబడనివ్వండి. మంట తగ్గించి, చేప ముక్కలను ఒకదాని మీద ఒకటి పడకుండా ఒకే వరుసలో పేర్చి, వాటి మీద మరొక ఉల్లిపాయ చక్రాలు, నాలుగు పండిన టమాటాల తరుగు, గుప్పెడు కొత్తిమీర, చీల్చని పచ్చిమిరపకాయలు రెండు వేసి, మరో రెండు చెంచాల ఎర్ర నూనె చుట్టూ పోసి మూత పెట్టాలి. నీళ్ళు పోయరాదు. గరిటె పెట్టరాదు. టమాటా, ఉల్లి, చేప విడిచే రసమే పులుసు అవుతుంది. అడుగంటుతుందన్న అనుమానం కలిగితే దాకను రెండు చేతులతో పట్టుకుని కొద్దిగా కదపండి. ఇరవై నుంచి ఇరవై ఐదు నిమిషాలలో ఉడుకుతుంది. మట్టి దాక దించిన తరువాత కూడా ఉడికిస్తూనే ఉంటుంది కనుక, ముల్లు దగ్గర చేప ఇంకా కొద్దిగా అంటి ఉండగానే దించాలి.

పిరావ్‌కు చేప తలనూ, తోకనూ విడిగా నీటిలో ఉడికించి వడగట్టిన రసం రెండు కప్పులు, మొకేకా నుంచి తీసిన రసం ఒక కప్పు కలిపి చిన్న మంట మీద పెట్టండి. ముప్పావు కప్పు ఫరీన్యాను ఎడమ చేతితో వానలా రాలుస్తూ, కుడి చేతితో ఆపకుండా కలపాలి. ఏడెనిమిది నిమిషాలకు రవ్వ రసాన్ని పీల్చుకుని నిగనిగలాడే చిక్కని జావ అవుతుంది. చల్లారితే ఇంకా గట్టిపడుతుంది కనుక కాస్త పలుచగా ఉండగానే ఆపండి. మిగిలిన ఫరీన్యాలో ఒక కప్పు తీసుకుని, రెండు చెంచాల నేతిలో దంచిన జీడిపప్పుతో దోరగా వేయిస్తే ఫరోఫా అవుతుంది. అది పక్కన కరకరలాడుతూ ఉండాలి.

జీడిపండు మిఠాయి

మన తోటలలో గింజ తీసుకుని పండును చెట్టు కిందనే వదిలివేయడం చూస్తూ ఉంటాము. బ్రెజిల్ ఈశాన్యంలో పండుకూ అంతే విలువ ఉంది. పియావుయీ రాష్ట్రంలో దాని రసాన్ని తేర్చి, సీసాలో నీటి వేడి మీద కాచి, తేనెరంగు కజువీనాగా చేస్తారు. ఈ భోజనంలో నాకు అన్నింటికన్నా ఇష్టమైన భాగం ఇదే, ఎందుకంటే ఇందుకు కావలసినది మన వేసవిలో దాదాపు ఉచితంగా దొరుకుతుంది.

రసం రాత్రంతా తేరాలి కనుక, మొదటి రోజు సాయంత్రమే బాగా పండిన కిలో జీడిపండ్ల నుంచి గింజను మెలిపెట్టి తీసివేయండి. గింజ పైపెంకులోని నూనె చర్మాన్ని కాలుస్తుంది కనుక పంటితో గాని, కత్తితో గాని దాని జోలికి పోవద్దు. పండును ముల్లుచెంచాతో చుట్టూ గుచ్చి, ఆకారం చెడకుండా మెల్లగా పిండి, రసాన్ని గిన్నెలో పట్టుకోవాలి. గొంతు పట్టే వగరు చాలావరకు ఆ రసంతో పోతుంది. పిండిన పండ్లను 400 గ్రాముల బెల్లం, రెండు కప్పుల నీటితో మందపాటి గిన్నెలో వేసి, అతి చిన్న మంట మీద, గంటకొకసారి తిప్పుతూ, పాకం ఇంకి పండ్లు ముదురు గోధుమరంగులో మెరిసేవరకు రెండు మూడు గంటలు ఉడికించాలి. అక్కడివారు వాడే రపదూరా మన అచ్చు బెల్లం వంటిదే.

పట్టుకున్న రసాన్ని పారవేయకండి. లీటరుకు ఐదు గ్రాముల సగ్గుబియ్యం పొడిని కొద్ది నీటిలో గంజిగా ఉడికించి, చల్లార్చి, రసంలో కలిపి రాత్రంతా కదపకుండా ఉంచితే, వగరునిచ్చే పదార్థం గంజిని పట్టుకుని అడుగుకు చేరుతుంది. పై తేట రసాన్ని గుడ్డతో వడగట్టి, ఒక పొంగు రానిచ్చి, చల్లబరచి, మిఠాయితో పాటు చిన్న గ్లాసులలో ఇవ్వండి. పళ్ళెంలో రెండు పండ్లు, వాటి పక్కన దాదీన్యోలో మిగిలిన ఉప్పని పనీరు ముక్క ఒకటి చాలు; తీపి పక్కన ఉప్పని జున్ను పెట్టుకుని తినడం బ్రెజిల్‌లో ఇంటింటి అలవాటు.